ఒక పక్క మాత్రమే: మందులకు లొంగని మూర్ఛ, దాని శస్త్రచికిత్స కథ

హెచ్.ఎమ్. అన్న పొడి అక్షరాలతో యాభై ఏళ్ళకు పైగా వైద్యగ్రంథాల్లో జీవించిన హెన్రీ మొలేజన్ గురించి ఇంగ్లీషులో రెండు మంచి పుస్తకాలున్నాయి. సుజాన్ కోర్కిన్ 2013లో వెలువరించిన ‘పర్మనెంట్ ప్రెజెంట్ టెన్స్’ ఒకటి. ల్యూక్ డిట్రిచ్ 2016లో ప్రచురించిన ‘పేషెంట్ హెచ్.ఎమ్.’ రెండవది. కోర్కిన్ ఆ రోగిని నాలుగు దశాబ్దాలకు పైగా పరీక్షించిన శాస్త్రవేత్త. డిట్రిచ్ అతని మెదడును కోసిన డాక్టరుకు స్వయానా కూతురి కొడుకు. రెండూ చదవదగినవే. అయితే వాటిని మూసి పక్కన పెట్టాక పాఠకుడి మనసులో మిగిలే బొమ్మ ఒక్కటే: మూర్ఛ తగ్గించబోయి మనిషి జ్ఞాపకశక్తినే తుడిచిపెట్టిన శస్త్రచికిత్స. ఆ బొమ్మ అబద్ధమని అనను. కానీ దాని నీడలో మరొక కథ మరుగున పడింది. టెంపొరల్ లోబ్ మూర్ఛకు నేడు చేసే శస్త్రచికిత్స హెన్రీకి చేసినటువంటిది కాదు. ఆ తేడా ఎలా తెలిసివచ్చిందో, అందుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారో ఈ రెండు పుస్తకాల్లోనూ చెల్లాచెదురుగా ఉంది తప్ప ఒకచోట లేదు. దాన్ని ఇక్కడ వరుసలో పెట్టాలని నా ప్రయత్నం. నేను న్యూరాలజిస్టును కాను. మూర్ఛ వచ్చి ఆసుపత్రిలో చేరినవారిని వార్డులో చూసుకునే సాధారణ వైద్యుణ్ణి. బహుశా అందుకే ఈ కథలో శస్త్రచికిత్సకు ముందు రోగి ఎదురుచూసే ఏళ్ళు నన్ను ఎక్కువగా పట్టి నిలిపాయి.

మూర్ఛ అనగానే మనవాళ్ళ కళ్ళముందు మెదిలేది కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురగ, ఎవరో పరుగున తెచ్చి గుప్పిట్లో పెట్టే తాళాల గుత్తి. టెంపొరల్ లోబ్ మూర్ఛ చాలాసార్లు అలా ఉండదు. కణతకు లోపలివైపున ఉండే మెదడు భాగం టెంపొరల్ లోబ్. అక్కడ విద్యుత్తు అదుపు తప్పినప్పుడు రోగికి ముందుగా పొట్టలోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపిస్తుంది. లేని వాసన తగులుతుంది. ఇదంతా ఇదివరకే ఒకసారి జరిగిందన్న వింత పరిచయభావం కలుగుతుంది. పిమ్మట చూపు నిలిచిపోతుంది. పెదవులు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు తడుముకుంటాడు, పిలిస్తే పలకడు. ఒకటి రెండు నిమిషాల్లో తేరుకుంటాడు. జరిగినదేదీ గుర్తుండదు. ఇంట్లోవాళ్ళు పరధ్యానమనుకుంటారు, లేదా గాలి సోకిందనుకుంటారు.

ఈ రకం మూర్ఛకు చిరునామా కనిపెట్టినవాడు లండన్ క్వీన్ స్క్వేర్‌లోని నేషనల్ హాస్పిటల్‌లో పనిచేసిన హ్యూలింగ్స్ జాక్సన్. ఆయనకు దారి చూపినది ఒక రోగి, ఆ రోగి కూడా వైద్యుడే. 1888లో జాక్సన్ అతన్ని ‘డాక్టర్ జెడ్’ అని మాత్రమే పేర్కొన్నాడు. అతడు ఆర్థర్ టామస్ మైయర్స్ అని 1980లో గాని వైద్యలోకానికి రూఢిగా తెలియలేదు. మైయర్స్ ఒకనాడు ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చిన యువకుణ్ణి పరీక్షించబోతుండగా మూర్ఛ మొదలైంది. రోగి గమనించకూడదని పక్కకు తిరిగాడు. తెలివి వచ్చేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కాగితం మీద తన చేతివ్రాతతోనే ఎడమ ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా అని రోగనిర్ధారణ వ్రాసి ఉంది. రోగి అప్పటికే వెళ్ళిపోయాడు. పిలిపించి మళ్ళీ పరీక్షిస్తే అది సరైన నిర్ధారణే! తాను ఎప్పుడు చెవిపెట్టి విన్నాడో, ఎప్పుడు వ్రాశాడో మైయర్స్‌కు లేశమైనా జ్ఞాపకం లేదు. వైద్యుడిగా ఈ ఉదంతం చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. 1894లో మైయర్స్ క్లోరల్ మోతాదు మించి మరణించాడు. మెదడులో ఎక్కడ వెదకాలో జాక్సన్ ముందే చెప్పి ఉంచాడు. వాల్టర్ కోల్మన్ శవపరీక్ష చేసి ఎడమ టెంపొరల్ లోబ్ లోపలి అంచున, అంకస్ అనే ముడత దగ్గర, మెత్తబడిన చిన్న గుంటను కనుగొన్నాడు. 1898లో ఇద్దరూ కలిసి ఆ వివరం ప్రకటించారు.

చిరునామా తెలిసినంత మాత్రాన తలుపు తట్టడం సాధ్యం కాలేదు. అదే ఆసుపత్రిలో విక్టర్ హార్స్లీ 1886లోనే మూర్ఛకు శస్త్రచికిత్స చేశాడు, విజయమూ పొందాడు. కానీ అతని తొలి రోగికి పుర్రెకు తగిలిన పాత దెబ్బ ఉంది, మెదడు ఉపరితలం మీద కంటికి కనబడే మచ్చ ఉంది. టెంపొరల్ లోబ్ మూర్ఛలో పుర్రె తెరిస్తే పైకి కనబడేది మామూలు మెదడే. తప్పు ఉన్నది లోలోతున, హిప్పోక్యాంపస్‌లో. సముద్రపు గుర్రం ఆకారంలో ముడుచుకుని ఉంటుంది కనుక దానికా గ్రీకు పేరు. పక్కనే బాదంగింజ వంటి అమిగ్డలా ఉంటుంది. జీవించి ఉన్న మనిషిలో ఆ తావును చూపగల సాధనం రావడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించిన ఈఈజీ అది. అమెరికాలో ఫ్రెడరిక్ గిబ్స్ దానితో ఈ రకం మూర్ఛకు ప్రత్యేకమైన గీతలున్నాయని చూపాడు. గిబ్స్ గీతలను నమ్మి షికాగోలో పెర్సివల్ బెయిలీ 1940ల చివర టెంపొరల్ లోబ్ ముందుభాగాన్ని తొలగించడం ప్రారంభించాడు. కంటికి ఏమీ కనబడని మెదడును కాగితం మీది గీతల ఆధారంగా కోయడానికి కావలసిన గుండెనిబ్బరాన్ని ఈనాడు ఊహించడం కష్టం.

అసలు పాఠం మాత్రం మాంట్రియల్‌లో నేర్చుకున్నారు. వైల్డర్ పెన్‌ఫీల్డ్ అక్కడ 1934లో న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభించాడు. రోగి మెలకువగా ఉండగానే పుర్రె తెరిచి, మెదడుపై సన్నని విద్యుత్తు తాకించి, ఏ చోట మాట ఉందో ఏ చోట చేయి కదలిక ఉందో గుర్తించి, వాటిని వదిలి తక్కినది తొలగించడం ఆయన పద్ధతి. తొలి రోజుల్లో టెంపొరల్ లోబ్ పైభాగాన్ని తీసి హిప్పోక్యాంపస్‌ను వదిలేసేవాడు. చాలామందిలో మూర్ఛ తిరిగివచ్చేది. ఈఈజీ నిపుణుడు హెర్బర్ట్ జాస్పర్ లోపలి భాగాలవైపు వేలు చూపాడు. పెన్‌ఫీల్డ్ క్రమంగా హిప్పోక్యాంపస్‌ను కూడా తీయసాగాడు, ఫలితాలు మెరుగయ్యాయి. ఆయన కోసినది ఎప్పుడూ ఒక పక్కనే. రెండవ పక్క ఉంది కదా, అది చూసుకుంటుందని ధీమా.

ఆ ధీమాను ఇద్దరు రోగులు కదిలించారు. పి.బి. సివిల్ ఇంజనీరు. 1946లో ఎడమ టెంపొరల్ లోబ్ ముందుభాగం తీశారు. మూర్ఛ ఆగలేదు, జ్ఞాపకశక్తి చెక్కుచెదరలేదు. 1951లో మళ్ళీ తెరిచి అదే పక్కనున్న హిప్పోక్యాంపస్‌ను తీశారు. ఈసారి అతడు కొత్త సంగతులేవీ గుర్తుంచుకోలేని మనిషిగా లేచాడు. మరొక రోగి ఎఫ్.సి.కీ ఇదే గతి పట్టింది. బ్రెండా మిల్నర్ అనే యువ మనస్తత్వశాస్త్రవేత్త ఇద్దరినీ పరీక్షించింది. తెలివితేటలు, మాట, తర్కం అన్నీ బాగానే ఉన్నాయి, ఇప్పుడు చెప్పినది మరుక్షణం లేదు. పెన్‌ఫీల్డ్, మిల్నర్ కలిసి ఒక ఊహ చేశారు: ఈ ఇద్దరిలో కోయని పక్కనున్న హిప్పోక్యాంపస్ కూడా ముందునుంచే చెడి ఉండాలి. ఒక కన్ను ఇదివరకే పోయినవాడికి రెండో కన్ను కూడా తీసినట్టయింది. ఊహ తప్ప అప్పటికి రుజువు లేదు. 1955లో ఈ సంగతిని అమెరికా న్యూరలాజికల్ అసోసియేషన్ సమావేశానికి నివేదించారు. ఆ సంక్షిప్త నివేదిక చదివి కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నుంచి ఒక సర్జన్ పెన్‌ఫీల్డ్‌కు ఫోన్ చేశాడు. తన దగ్గరా అటువంటి రోగి ఉన్నాడన్నాడు.

ఆ సర్జన్ విలియం బీచర్ స్కోవిల్. రోగి హెన్రీ మొలేజన్.

హెన్రీకి పదిహేనవ పుట్టినరోజున తల్లిదండ్రుల కారులో మొదటి పెద్ద మూర్ఛ వచ్చింది. 27 ఏళ్ళ వయసుకు చిన్న మూర్ఛలు రోజుకు పది దాకా, పెద్దది వారానికొకటి. టైప్‌రైటర్ల కర్మాగారంలో పని కూడా చేసుకోలేని స్థితి. అప్పటికి దొరికే మందులన్నీ పెద్ద మోతాదుల్లో వాడారు. 1953లో స్కోవిల్ అతని కనుబొమల పైన పుర్రెకు రెండు రంధ్రాలు చేసి, మెదడు ముందుభాగాన్ని పైకి ఎత్తి పట్టి, రెండు పక్కలా టెంపొరల్ లోబ్ లోపలి భాగాలను పీల్చి తీసేశాడు. ఇక్కడ డిట్రిచ్ పుస్తకం బలమంతా కనబడుతుంది. ఈ పద్ధతి మూర్ఛ కోసం పుట్టలేదు. పిచ్చాసుపత్రుల్లో మనోరోగులకు చేసే లోబాటమీకి బదులుగా స్కోవిల్ రూపొందించుకున్నది. 1957లో మిల్నర్‌తో కలిసి ప్రకటించిన వ్యాసంలోని పదిమంది రోగుల్లో, రెండు పక్కలా కోసినవారిలో హెన్రీ ఒక్కడే మనోరోగి కానివాడు. తక్కినవారిలో ఒకరు నలభై ఏడేళ్ళ డాక్టరు! హెన్రీ ఈఈజీలో మూర్ఛకు ఫలానా చోటు మూలమని తేలలేదు కూడా. మాంట్రియల్‌లో గీతలు చూపిన చోట ఒక పక్క కోసేవారు. హార్ట్‌ఫర్డ్‌లో ఏ గీతా చూపని చోట రెండు పక్కలా కోశారు. ఈ ప్రక్రియ ప్రయోగమేనని స్కోవిల్ తన వ్యాసంలో తానే ఒప్పుకున్నాడు. డిట్రిచ్ తన తాతను క్షమించడు. ఆ తాత భార్య, అంటే తన అమ్మమ్మ, మానసిక రోగిగా ఆసుపత్రిలో గడిపిన కథ పుస్తకంలో సమాంతరంగా నడుస్తుంది. కొన్నిచోట్ల కోపం ఆధారాలను మించిపోయిందని నాకు అనిపించింది. కానీ స్కోవిల్ గొప్ప సాహసి అన్న పాత పొగడ్త కంటే ఆ కోపమే నయం.

1955 ఏప్రిల్‌లో మిల్నర్ రైలెక్కి హార్ట్‌ఫర్డ్ వెళ్ళింది. ఈనాడు తేదీ ఏమిటని అడిగితే హెన్రీ 1953 మార్చి అన్నాడు. వయసెంతంటే 27 అన్నాడు. తెలివితేటల పరీక్షలో అతనికి 112 వచ్చింది. శస్త్రచికిత్సకు ముందు వచ్చిన 104 కంటే అది ఎక్కువే. జ్ఞాపకశక్తి పరీక్షలో 67. అంతకంటే ఆశ్చర్యకరమైనది 1962లో ఆమె ప్రకటించిన అద్దం పరీక్ష. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల నడుమ పెన్సిల్ నడపాలి. హెన్రీ రోజురోజుకూ మెరుగయ్యాడు, కానీ ప్రతిసారీ ఇదే మొదటిసారనుకున్నాడు. చేతికి గుర్తుంది, మనిషికి గుర్తులేదు. జ్ఞాపకం ఒకటి కాదు, వేర్వేరు చోట్ల వేర్వేరు రకాలుగా నిలుస్తుందన్న శాస్త్రమంతా ఆ పెన్సిల్ గీతల నుంచి పెరిగింది. కోర్కిన్ పుస్తకం నిండా ఆ వైభవం ఉంది.

నేను వెదికినది అది కాదు, ఈ అనుభవంతో సర్జన్లు ఏం చేశారన్నది. స్కోవిల్ స్వయంగా రెండు పక్కలా కోయవద్దని తోటి సర్జన్లను హెచ్చరిస్తూ వచ్చాడు. ఆ శస్త్రచికిత్స మూర్ఛకు చేయడం అంతటితో ఆగింది. ఒక పక్క కోయడం మాత్రం ఆగలేదు. అయితే కోసేముందు రెండో పక్క బాగుందో లేదో తెలుసుకోక తప్పదన్న నియమం వచ్చింది. దానికి సాధనం జున్ వాడా దగ్గర ఉంది. జపాన్‌లో ఉండగా 1949లో ఆయన ఒక ఉపాయం ప్రకటించాడు: మెడలోని కెరోటిడ్ ధమనిలోకి అమోబార్బిటాల్ ఎక్కిస్తే ఆ పక్క మెదడు కొద్ది నిమిషాలు నిద్రపోతుంది. మాట ఏ పక్క ఉందో తేల్చడానికి పుట్టిన ఈ పరీక్షను మాంట్రియల్‌లో మిల్నర్, ఆమె సహచరులు జ్ఞాపకానికీ వాడుకున్నారు. కోయబోయే పక్కను నిద్రపుచ్చి, మెలకువగా ఉన్న పక్కకు కొన్ని బొమ్మలు చూపి, తరువాత గుర్తున్నాయా అని అడగడం. గుర్తుంటే కత్తి పట్టవచ్చు. పి.బి., ఎఫ్.సి.ల మూల్యంతో వచ్చిన ఈ పరీక్ష తరువాతి వేలమందికి కాపలా కాచింది. ఎమ్మారై యుగంలో దాని అవసరం తగ్గింది.

పి.బి. కథకు ఒక ముగింపు ఉంది. 1964లో అతడు మరణించాడు. శవపరీక్షలో కుడి హిప్పోక్యాంపస్, అంటే ఎవరూ ముట్టని పక్కది, ఎండి కుంచించుకుపోయి కనబడింది. పెన్‌ఫీల్డ్, మిల్నర్ల ఊహ నిజమైంది. ఆ వివరం పెన్‌ఫీల్డ్ పేరుతో అచ్చయిన సంవత్సరం 1974.

ఆ ఎండిన హిప్పోక్యాంపసే చాలామందిలో మూర్ఛకు మూలమని స్థాపించిన ఘనత లండన్‌లో పనిచేసిన న్యూజీలాండు దేశీయుడు ముర్రే ఫాల్కనర్‌ది. తక్కినవాళ్ళు టెంపొరల్ లోబ్‌ను ముక్కలుగా పీల్చి తీస్తుంటే అతడు ఒకే ముద్దగా చెక్కుచెదరకుండా తీశాడు. అందువల్ల దానిని సూక్ష్మదర్శిని కింద చూడడం సాధ్యమైంది. దాదాపు సగంమందిలో హిప్పోక్యాంపస్ గట్టిపడి, కణాలు రాలిపోయి ఉంది. వాళ్ళలో అనేకులకు పసితనంలో జ్వరంతో దీర్ఘమైన ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంది. ఫాల్కనర్ రోగుల్లో ఒకడికి పిన్నీసును తదేకంగా చూస్తే మూర్ఛ వచ్చేదట, ఆ చూపులో అతనికి చెప్పలేని ఆనందమూ ఉండేదట. శస్త్రచికిత్స తరువాత మూర్ఛతోపాటు పిన్నీసు మోజూ పోయిందని 1954లో ‘లాన్సెట్’ పత్రికలో వ్రాశారు. నవ్వు వచ్చే సంగతే, కానీ మనసుకు మెదడులో వేర్లున్నాయనడానికి అంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

ఇంత జరిగినా 20వ శతాబ్దం ముగిసేదాకా ఈ చికిత్సకు పకడ్బందీ రుజువు లేదు. మందులు పెరుగుతూ పోయాయి, ఇంకొకటి వాడి చూద్దామనడం సులభమైంది. గ్లాస్గోలో క్వాన్, బ్రోడీ 2000లో ప్రకటించిన పరిశీలన ఆ సులభమార్గాన్ని మూసింది. అంతకుముందు ఏ మందూ వాడని 470 మందిలో మొదటి మందుతో 47 శాతానికి మూర్ఛలు ఆగాయి. రెండవ మందుతో మరో 13 శాతానికి. మూడవ మందు విడిగా వాడినప్పుడు ఒక్క శాతానికి. అంటే తగిన మందులు రెండు విఫలమయ్యాక మూడవది పనిచేస్తుందన్న ఆశ చాలా పలచన. మందులకు లొంగని మూర్ఛకు అంతర్జాతీయ సంస్థ 2010లో ఇచ్చిన నిర్వచనం ఈ రెండు మందుల లెక్క మీదనే నిలిచింది.

2001లో కెనడాలోని లండన్ నగరం నుంచి శామ్యూల్ వీబ్ బృందం మొదటి తులనాత్మక ప్రయోగ ఫలితాలు ప్రకటించింది. టెంపొరల్ లోబ్ మూర్ఛ ఉన్న 80 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విభజించారు. 40 మందికి వెంటనే శస్త్రచికిత్స, 40 మంది ఏడాదిపాటు మందులతో నిరీక్షణ. ఏడాది తిరిగేసరికి స్పృహను చెరిపే మూర్ఛలు లేనివారు మొదటి జట్టులో 58 శాతం, రెండవ జట్టులో 8 శాతం. చనిపోయినది ఒక్కరు, మందుల జట్టులో. శస్త్రచికిత్సకు నష్టాలు లేవని కాదు. ఇద్దరికి మాటలకు సంబంధించిన జ్ఞాపకం తగ్గి ఉద్యోగానికి ఇబ్బంది అయింది. ఒకరికి మెదడులో చిన్న రక్తప్రసరణ లోపం, ఒకరికి గాయంలో చీము. సగానికి పైగా రోగులకు చూపులో పై మూల కొద్దిగా కొరవడింది, వాళ్ళే గమనించనంతగా. దీర్ఘకాలం మాటకొస్తే, జాక్సన్, హార్స్లీ పనిచేసిన ఆ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రే 2011లో 615 మంది లెక్క చెప్పింది. పదేళ్ళకు కూడా 47 శాతం మంది, ఆరంభ సూచనలు తప్ప, మూర్ఛ లేకుండా ఉన్నారు. ఇది అందరికీ నయమవుతుందన్న మాట కాదు. కానీ మూడవ మందు ఇవ్వగల ఒక్క శాతం పక్కన దీనిని పెట్టి చూడాలి.

ఇంత స్పష్టత తరువాత ఏమైంది? జబ్బు ముదరకముందే శస్త్రచికిత్స చేస్తే ఎలా ఉంటుందని అమెరికాలో మరొక ప్రయోగం తలపెట్టారు. 200 మంది కావాలనుకున్నారు. దేశంలోని పెద్ద పెద్ద కేంద్రాలన్నీ కలిసినా 38 మందే దొరికారు, ప్రయోగాన్ని అర్ధాంతరంగా ఆపేశారు. ఉన్నవారి ఫలితాలను 2012లో ప్రకటించారు: శస్త్రచికిత్స పొందిన 15 మందిలో 11 మందికి రెండవ ఏడాది పొడవునా మూర్ఛ రాలేదు. మందులమీదే ఉన్న 23 మందిలో ఆ భాగ్యం ఒక్కరికీ దక్కలేదు. రోగులు లేక కాదు, వైద్యులు పంపక. మొదటి మూర్ఛకూ శస్త్రచికిత్సకూ నడుమ ఇరవై ఏళ్ళు గడవడం ఈనాటికీ మామూలే. చదువు, పెళ్ళి, ఉద్యోగం, అన్నీ ఆ ఇరవై ఏళ్ళలోనే జరగవలసినవి.

మన దేశంలో ఈ చికిత్సకు వేరు మాంట్రియల్లోనే ఉంది. పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందిన జేకబ్ చాండీ 1949లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో నరాల శస్త్రచికిత్స విభాగం ప్రారంభించాడు. 1952లోనే, అంటే హెన్రీ శస్త్రచికిత్సకు ముందే, అక్కడ మూర్ఛకు శస్త్రచికిత్స జరిగింది. చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారికి వేలూరు అంటే ఆసుపత్రి ఊరే కనుక ఈ సంగతి నాకు ప్రీతి. ఆ తరువాత సుదీర్ఘమైన నిశ్శబ్దం. 1995లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో కె. రాధాకృష్ణన్ బృందం టెంపొరల్ లోబ్ శస్త్రచికిత్సలను క్రమపద్ధతిలో మొదలుపెట్టాక దేశంలో చలనం వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో నిమ్స్‌తో సహా పలుచోట్ల చేస్తున్నారు. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ 116 మంది పిల్లలమీద జరిపిన ప్రయోగం ప్రపంచమంతా చదివింది. అందులో అన్నీ టెంపొరల్ లోబ్ కేసులు కావు. ఏడాదికి మూర్ఛలు లేనివారు శస్త్రచికిత్స జట్టులో 77 శాతం, మందుల జట్టులో 7 శాతం.

బంధువుల పిల్లలకు ఫిట్స్ అని ఇంటినుంచి ఫోన్లు వస్తుంటాయి. నాలుగు మందులు మారాయని చెబుతారు. శస్త్రచికిత్స కేంద్రంలో చూపించారా అంటే అవతల కాసేపు మాట ఉండదు. తరువాత వచ్చే ప్రశ్న ఒక్కటే: మెదడు కోస్తే వాడు వాడిలా ఉంటాడా? వాళ్ళెవరూ కోర్కిన్‌నూ డిట్రిచ్‌నూ చదవలేదు. అయినా హెన్రీ కథ సారం ఏ దారిన చేరిందో చేరింది. ముందు వీడియో ఈఈజీ, ఎమ్మారై, జ్ఞాపక పరీక్షలు చేస్తారనీ, రెండో పక్క బాగుందని తేలాకే కోస్తారనీ, తేలకపోతే కోయమని వాళ్ళే చెబుతారనీ వివరిస్తాను. ఎడమ పక్కదైతే పేర్లు, మాటలు గుర్తుకు రావడంలో తడబాటు ఉండవచ్చునని కూడా దాచకుండా చెబుతాను. కేంద్రానికి వెళ్ళడమంటే కత్తికి ఒప్పుకున్నట్టు కాదని చెబితే సగంమంది వెళ్తారు.

హెన్రీ 2008లో మరణించాడు. అప్పుడే అతని పూర్తి పేరు లోకానికి తెలిసింది. మరుసటి ఏడాది శాన్‌డియాగోలో అతని మెదడును 2,401 పలుచని పొరలుగా కోశారు, లక్షలాదిమంది దాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూశారు. శస్త్రచికిత్స తరువాత మూర్ఛ లేకుండా ఇల్లు, వాకిలి, ఉద్యోగం చూసుకున్నవారి గురించి ఇటువంటి పుస్తకం నా కంటబడలేదు. కథకు కావలసిన కష్టం వాళ్ళ జీవితంలో మిగలకపోవడమే కారణమేమో. ప్రస్తుతానికి ఉన్నవి ఈ రెండే. కోర్కిన్‌ను ముందు చదవండి. డిట్రిచ్‌తో మొదలుపెడితే స్కోవిల్ మీద వచ్చే కోపంలో మిల్నర్ పరీక్షల వివరాలు ఓపికగా చదవడం కష్టం.